అన్నయ్యకి చెప్తా

ప్రాక్టికల్ పరీక్ష జరుగుతుండగా ఎవరూ ఫోన్ ఎత్తకూడదని ల్యాబ్ గోడ మీద కాగితం అంటించింది ఆవిడే. అందుకే అదే నంబరు మూడోసారి మోగినప్పుడు వరండాలోకి వెళ్ళి, గొంతు తగ్గించి ఎత్తింది.

"బుజ్జీ, చిన్న పని పడింది," అన్నాడు అన్నయ్య.

పాలిటెక్నిక్‌లో పిల్లల నుంచి ప్రిన్సిపాల్ దాకా ఆవిడని ల్యాబ్ మేడం అంటారు. యాభై మూడేళ్ళొచ్చినా అన్నయ్యకి మాత్రం బుజ్జే. అన్నయ్య చిన్న పని అన్నాడంటే అది పెద్దదని, ఈపాటికే ఎవరికో మాట కూడా ఇచ్చేసి ఉంటాడని ఆవిడకి తెలుసు.

"పరీక్ష జరుగుతోంది. తొందరగా చెప్పు."

"మన 'టపా మేడ' ఆట ఉంది కదా, మ్యూజియం వాళ్ళు కొత్త కంప్యూటర్ల మీద పెడుతున్నారు. వచ్చే శనివారం ప్రారంభం. ముఖ్య అతిథిని నేనే. అక్కడి ఇంజనీరమ్మాయి ఏదో గొడవ పెడుతోంది. నాలుగో అంతస్తుకి వెళ్ళేసరికి మీటలు తిరగబడుతున్నాయట. కుడి నొక్కితే పోస్ట్‌మ్యాన్ ఎడమకి పోతున్నాడట. మీ కొత్త సిస్టంలోనే లోపం ఉందని చెప్పాను. అయినా వదలడం లేదు. నువ్వోసారి చూసి ఏం చెయ్యాలో నాకు చెబితే, నేను వాళ్ళకి చెప్తాను."

"నేను నీకు చెబితే, నువ్వు వాళ్ళకి చెప్తావు."

"అదే కదా అంటున్నాను. నువ్వు అంతదూరం వచ్చి ఇబ్బంది పడక్కర్లేదు."

"నాకు తీరిక లేదు," అని పెట్టేసింది.

ల్యాబ్‌లోకి తిరిగి వచ్చాక ఒక విద్యార్థి, మేడం ఈ లైను సరేనా అని అడిగాడు. తప్పున్న లైను వదిలేసి దాని కింది లైను చూపించింది. మార్కుల కాగితంలో ఒకరి గడిలో ఇంకొకరి మార్కు వేసి, కొట్టేసి, మళ్ళీ వేసింది. ఒళ్ళు మండిపోతోంది. అన్నయ్య అడిగినందుకు కాదు. అడగడంలో ఏ సిగ్గూ లేనందుకు.

టపా మేడని ఆవిడ ఇరవై రెండో ఏట రాసింది. నాన్నది రేడియోలు బాగుచేసే కొట్టు. ఎవరో మరమ్మతుకని ఒక కంప్యూటర్ తెచ్చిపడేసి మళ్ళీ రాలేదు. ఏడాది చూసి నాన్న దాన్ని వెనక గదిలో పెట్టించాడు. పాత ట్రాన్స్‌ఫార్మర్ల మధ్య, టంకం పొగలో కూర్చుని పదకొండు నెలల్లో ఆవిడ ఆ ఆట పూర్తి చేసింది. తొమ్మిది అంతస్తుల మేడ, అంతస్తుకో కుక్క, మనసైతే కదిలి లేకపోతే కదలని లిఫ్టు, ఉత్తరాల సంచీతో ఒక పోస్ట్‌మ్యాన్. అంతే ఆట. కానీ మొదలుపెట్టినవాళ్ళు లేచేవాళ్ళు కాదు.

దాన్ని అమ్మింది అన్నయ్య. ఫ్లాపీలు సంచీలో వేసుకుని బస్సెక్కి ఊరూరా తిరిగాడు. చీ కొట్టినవాడి దుకాణానికే మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు. ఆ తిరుగుడు తక్కువదేమీ కాదు. తక్కువదని ఆవిడ ఏనాడూ అనలేదు.

ఆట పెట్టి అమ్మే డబ్బాలు మొదటిసారి అచ్చుకి వెళ్ళే ముందు ఆయన అన్నాడు: "షాపులో మాట్లాడేది నేను. తయారుచేసిందెవరంటే మా చెల్లెలు అన్నాననుకో, నవ్వి పంపేస్తారు. నా పేరు పెట్టెయ్. ఇంట్లో మనకి తెలుసుగా."

ఆట మొదటి తెర మీద అన్నయ్య పేరు ఆవిడే తన చేతులతో టైపు చేసింది. ఇంట్లో తెలిసినవాళ్ళు నలుగురే. అమ్మ పోయింది, నాన్న పోయాడు. ఇక మిగిలింది ఇద్దరు.

చాలా ఏళ్ళు ఆ ఆట ఎవరికీ పట్టలేదు. పదేళ్ళ క్రితం పాత ఆటల పిచ్చివాళ్ళు కొందరు దాన్ని వెతికి పట్టుకున్నారు. పేరు చూసి అన్నయ్యని పట్టుకున్నారు. ఒక ఇంటర్వ్యూ, తర్వాత ఒక సభ, తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉపన్యాసాలు. సొమ్మొకడిది, సోకొకడిది. పోనీలే, పెద్దవాడు, రెండు చప్పట్లు పడితే పడనీ అనుకుంది ఆవిడ. అలా అనుకుంటూనే ఒకరోజు ఆయన ఉపన్యాసం ఒకటి ఫోన్‌లో చూసింది.

సభలో ఎవరో అడిగారు, పోస్ట్‌మ్యాన్ ఎందుకలా కుంటుతూ నడుస్తాడని. అన్నయ్య నవ్వాడు. "నిజం చెప్పాలంటే అదొక లోపం. మెమరీ చాలక నడకలో రెండు బొమ్మలు తీసేశాను. దాంతో పాపం కుంటివాడైపోయాడు." సభంతా నవ్వింది.

ఆవిడ ఆ ఫోన్‌ని బోర్లా పెట్టి, వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. ఏమైందని భర్త అడిగితే చెప్పింది. ఆయన అంతా విని, "ఈ మాట ముప్పై ఏళ్ళ కిందట అడగాల్సింది కదా," అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అందుకే ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

ఫోన్ వచ్చిన మూడోనాడు, భోజనాల వేళ, ల్యాబ్ గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడింది. భుజాన బరువైన సంచీ, మెడలో మ్యూజియం వాళ్ళ కార్డు. తనెవరో చెప్పుకుని, కూర్చోకముందే అడిగింది.

"మేడం, మీకు అన్నయ్య ఉన్నారు కదా?"

"ఉన్నాడు. ఆయనే పంపాడా నిన్ను?"

"లేదు మేడం. నేను వచ్చినట్టు ఆయనకి తెలియదు." ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాలుగు వారాలుగా ఆ ఆటతో కుస్తీ పడుతున్నాను. మొదట అసలు తెరుచుకోనే లేదు. అంత పాత ప్రోగ్రాంని కొత్త సిస్టం గడప కూడా తొక్కనివ్వదు. పాత కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రాం ఒకటి వేసి, దాని లోపల నడిపాను. మొదలవుతూనే భాగహారం తప్పని చెప్పి పడిపోయింది."

"పడిపోక ఏం చేస్తుంది," అంది ఆవిడ. "మెషీన్ ఎంత వేగమో ముందు కొలుచుకుంటుంది, పోస్ట్‌మ్యాన్ పరిగెత్తెయ్యకుండా. ఆ లెక్కకి నేనిచ్చిన చోటు చిన్నది. ఇంత వేగం వస్తుందని అప్పుడు ఎవరనుకున్నారు?"

అన్నాక గాని ఆవిడకి తెలియలేదు, ఏమందో.

ఇంజనీరమ్మాయి నవ్వలేదు. "వేగం తగ్గించాక నడిచింది మేడం. మూడు అంతస్తులు బాగానే ఉంది. నాలుగులో మీటలు తిరగబడ్డాయి. సార్‌ని అడిగితే మా సిస్టం తప్పన్నారు. లోపల ఏముందో చూద్దామని ఫైలు తెరిచి అక్షరం అక్షరం వెతికాను. అంతా అంకెల గజిబిజి. మధ్యలో ఇది కనిపించింది." సంచీలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు వాక్యం. అప్పటి మెషీన్ల మీద తెలుగు లేదు మరి. *దొంగాటా? ఆగు, అన్నయ్యకి చెప్తా.*

"మీకు అన్నయ్య ఉన్నారా సార్ అని ఆయన్ని అడిగాను. లేదమ్మా, ఇంటికి పెద్దవాణ్ణి నేనే, ఒక్క చెల్లెలు అన్నారు. మరి ఈ మాట రాసిందెవరు? చెల్లెలుగారు ఎక్కడుంటారో కనుక్కుని వచ్చాను."

ఆవిడ ఆ కాగితం చాలాసేపు చూసింది. చిన్నప్పుడు బడిలో ఎవరు పలక లాక్కున్నా, పెన్సిలు దాచినా అదే మాట అనేది. అన్నయ్య వచ్చేవాడు కూడా. ఒకసారి ఆవిడ కోసం తనకంటే రెండింతలున్నవాడితో కలబడి ముందుపన్ను విరగ్గొట్టుకున్నాడు.

"ఫ్లాపీ మీద చివరి వరుస తర్వాత ఇంకో వరుస నేనే రాశాను," అంది నెమ్మదిగా. "అందులో ఒక అంకె దాచాను. మామూలుగా కాపీ చేస్తే అక్కడి దాకా పోదు. నాలుగో అంతస్తులో ఆట ఆ అంకె కోసం చూస్తుంది. లేకపోతే కాపీ అని తెలుసుకుని మీటలు తిప్పేస్తుంది. తిరగబడ్డ మీటలతో కూడా ఎవడైనా ఆ అంతస్తు దాటితే, అప్పుడు ఈ మాట కనిపిస్తుంది. ఎవరూ దాటి ఉండరు."

"అంటే లోపం కాదు."

"నా ఆటలో లోపాలు లేవు," అంది ఆవిడ. గొంతు పెరిగింది. పక్క గదిలో అన్నం తింటున్న లెక్చరర్ తల తిప్పి చూశాడు. "దొంగ వస్తే చెప్పుకోడానికి అన్నయ్య ఉన్నాడనుకున్న రోజుల్లో రాశానమ్మా ఆ మాట. ఇప్పుడెవరికి చెప్పుకోను?"

గురువారం పొద్దున ఆవిడ సెలవు పెట్టి మ్యూజియంకి వెళ్ళింది. తాడో పేడో తేల్చుకోవాలనే, వస్తున్నానని అన్నయ్యకి తనే ఫోన్ చేసి చెప్పింది.

హాల్లో వరసగా బల్లలు, వాటి మీద గుడ్డ కప్పిన తెరలు. గోడకి ఆనించి ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద అన్నయ్య ఫోటో, కింద బారెడు పొగడ్త. ఆవిడ దాన్ని ఆసాంతం చదివింది. ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

అన్నయ్య ఇస్త్రీ చొక్కాతో హడావిడిగా వచ్చాడు. "వచ్చావా బుజ్జీ. చూశావా అమ్మా," అని ఇంజనీరమ్మాయి వైపు తిరిగాడు, "మా చెల్లెలు కూడా కంప్యూటర్లు చెబుతుంది. అప్పట్లో నాకు కాస్త సాయం చేసేది."

"ఏం సాయం చేశాను?" అంది ఆవిడ.

"అదే, టైపింగూ అదీ..."

"మీటలు ఎందుకు తిరగబడుతున్నాయో చెప్పు ఈ అమ్మాయికి."

"చెప్పాగా. సిస్టం..."

"సిస్టం కాదు. నాలుగో అంతస్తులో ఏం పెట్టావో చెప్పు. నువ్వే కదా రాసింది."

అన్నయ్య చొక్కా కాలరు సర్దుకున్నాడు. "ముప్పై ఏళ్ళయింది. ప్రతీదీ గుర్తుంటుందా? అయినా ఇప్పుడు నేను ఎవర్ని మోసం చేశానని? డబ్బా మీద పేరు నాది. అది చూసి వాళ్ళే వచ్చారు నా దగ్గరికి. నేను వెళ్ళి చెప్పుకున్నానా?"

"మోసం అని నేననలేదు. నువ్వే అన్నావు." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వాలకం.

"పరాయివాళ్ళ ముందు ఏమిటీ గొడవ? ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మనకి తెలుసుగా అన్నావు అప్పుడు. ఇంట్లో తెలిసి ఏమొరిగింది? ఇక్కడే మాట్లాడు."

ఆయనకీ కోపం వచ్చింది. ముఖం ఎర్రబడింది. "సరే, మాట్లాడతాను. నేను బస్సుల్లో పడి తిరక్కపోతే నీ ఆట ఆ కొట్లో చెదలు తినేది. వానలో తడిసి ఎన్నిసార్లు జ్వరం పడ్డానో నీకు తెలుసా? చలవగదిలో కూర్చుని రాయడం గొప్పా?"

"ఏ చలవగది? టంకం పొగకి నా కళ్ళు పాడయ్యాయి. అయినా నువ్వు తిరిగావు. కాదన్నానా? ఆ ఆటని ఊరూరా మోసింది నువ్వే. అది చెప్పుకుంటే నేనూ చప్పట్లు కొట్టేదాన్ని. అది నీకెందుకు చాల్లేదు? నాది కూడా ఎందుకు కావాల్సొచ్చింది?"

ఆయన పక్కనున్న తెర మీద గుడ్డ సర్దాడు. ఆవిడ అసలు మాట ఇంకా అననే లేదు.

"పోస్ట్‌మ్యాన్ కుంటితనం లోపం అన్నావు మైకులో."

"కాదా? మెమరీ చాలక..."

"నాన్న నడకరా అది."

అన్నయ్యని ఆవిడ ఎప్పుడూ రా అనలేదు. ఇద్దరికీ అది వినపడింది.

"నాన్నని కొట్లో ఆ గోడ నుంచి ఈ గోడకి నడవమన్నాను. నేను గళ్ళ కాగితం మీద అడుగడుగూ వేసుకున్నాను. ఇరవై సార్లు నడిచాడు, పొట్టికాలు లాగుతున్నా. పూర్తయ్యాక తెర మీద చూసి, 'నన్ను కంప్యూటర్లో పెట్టేశావే' అని ఎంత మురిసిపోయాడో తెలుసా? నీకెలా తెలుస్తుంది, నువ్వు ఊళ్ళో లేవు. తెలియనివాడివి తెలియదనాలి. నాన్న కాలు చూపించి నవ్వించావు రెండొందలమందిని."

అన్నయ్య అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా జేబు తడుముకున్నాడు, ఏమీ తియ్యలేదు. "నాకు తెలియదు," అన్నాడు. ఆ తర్వాత లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు. ఇంజనీరమ్మాయి వెనక వెళ్ళబోతే ఆవిడ ఆపింది.

"పోనియ్. ఆ ఫైలు తియ్."

పని పావుగంట కూడా పట్టలేదు. అంకెల గజిబిజిలో ఆవిడ కళ్ళు సొంత ఇంట్లో చీకట్లో నడిచినట్టు నడిచాయి. దాచిన అంకె ఉందో లేదో పోల్చి, ఉంటే దాటిపొమ్మని చెప్పే చోటు దొరికింది. అంకె ఉన్నా లేకపోయినా దాటిపొమ్మని మార్చింది. ఒక్క బైటు. నాలుగో అంతస్తులో పోస్ట్‌మ్యాన్ కుడి నొక్కితే కుడికి నడిచాడు, ఎడమకాలు కాస్త ఈడుస్తూ.

"మేడం," అంది ఇంజనీరమ్మాయి, "ఎలాగూ ఫైలు తెరిచాం. మొదటి తెర మీద పేరు కూడా మార్చేద్దామా? అక్షరాలు సరిపోతాయి."

ఆవిడ చెయ్యి ఒక్క క్షణం మీటల మీదే ఉండిపోయింది. మార్చాలని ఎంత ఉందో ఆవిడకే తెలుసు.

"వద్దు. ఆ రోజు ఆ ఆట అలాగే బయటికెళ్ళింది. అబద్ధమైతే అయింది, ఆ రోజుల అబద్ధం అది. దాన్ని చెరిపితే నేను ఒప్పుకున్న సంగతి కూడా చెరిగిపోతుంది. ఆట జోలికి పోకు. బోర్డు మీద నిజం రాయించు."

మ్యూజియం డైరెక్టరు మంచివాడేగాని జాగ్రత్త మనిషి. ఇద్దరూ సంతకం పెట్టిన కాగితం ఉంటేనే బోర్డు మారుస్తానన్నాడు. అన్నయ్య శుక్రవారం పొద్దున కాగితం పంపాడు. *చెల్లెలి సహకారంతో రూపొందించినది* అని ఉంది అందులో. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దే ఎర్రపెన్ను తీసి మొత్తం వాక్యం కొట్టేసి, కింద రాసింది: *రచన, బొమ్మలు, శబ్దం చెల్లెలు. ఊరూరా తిరిగి అమ్మినది అన్న.* తిప్పి పంపేసింది.

గంటలో వదిన ఫోన్ చేసింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య నిన్నటినుంచి అన్నం ముట్టలేదు."

"ముట్టకపోతే మానెయ్యమను వదినా. నాకు పదేళ్ళనుంచి తిన్నది అరగడం లేదు."

వదిన పెళ్ళై ఆ ఇంటికి వచ్చేసరికి కొట్టూ లేదు, ఆటా లేదు. భర్త ఏది చెబితే అదే ఆవిడకి తెలిసింది.

"ఆ ఎర్ర రాత నిజమేనా?"

"నిజమే."

"నేను ఆయన ఉపన్యాసాలకి ముందువరసలో కూర్చునేదాన్ని. నాకెందుకు చెప్పలేదు నువ్వు?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను," అంది.

"సరే. కాగితం నా దగ్గరే ఉంది. సంతకం నేను పెట్టిస్తాను," అని వదిన పెట్టేసింది. సాయంత్రానికల్లా కాగితం మ్యూజియంకి చేరింది. అన్నయ్య సంతకం వంకరగా ఉంది గాని, ఉంది.

శనివారం అన్నయ్య రాలేదు. జ్వరమని కబురు పెట్టాడు. వదిన మాత్రం ఒక్కతే బస్సులో వచ్చి, అందరికంటే ముందు బల్ల దగ్గర కూర్చుని ఆడింది. మొదటి అంతస్తు కుక్కకే ఏడుసార్లు దొరికిపోయింది. "ఎంత కక్షతో పెట్టావమ్మా ఈ కుక్కని," అని విసుక్కుంది.

డైరెక్టరు ఆవిడకి మైకిచ్చాడు. ఆవిడ ఏమీ రాసుకోలేదు.

"ఈ ఆట నేను రాశాను. అందులో నడిచేది మా నాన్న. ఆయన నడక లోపం కాదు. ఇన్నాళ్ళూ నోరు మూసుకోవడం నా తప్పు. అందులో సగమే నాది." అని మైకు ఇచ్చేసింది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం కాసేపు చూసి, తర్వాత కొట్టారు.

మనసు తేలికపడుతుందనుకుంది. పడలేదు. ఆ ఆదివారం బట్టలు ఉతుకుతూ ఒక్కోదాన్ని బండకేసి బాదుతుంటే భర్త అడిగాడు, "అంతా అనుకున్నట్టే అయిందిగా, ఇంకా దేనికి?"

"ముప్పై ఏళ్ళది మూడు రోజుల్లో దిగుతుందా? దిగినప్పుడు చెప్తాను."

రెండు వారాలు అన్నయ్య నుంచి ఫోన్ లేదు. ఆవిడా చెయ్యలేదు. మూడో వారం, మంగళవారం మధ్యాహ్నం, పాలిటెక్నిక్‌లో క్లాసు లేని వేళ ఫోన్ మోగింది. వెనకాల ఎవరివో అడుగులు, ఎక్కడో కుక్క అరుస్తున్న పాత కంప్యూటర్ శబ్దం వినబడ్డాయి. ఆ శబ్దం తను చేసినదే. పోల్చుకోడానికి ఆవిడకి అరక్షణం పట్టలేదు.

"మ్యూజియంలో ఉన్నాను," అన్నాడు అన్నయ్య. బుజ్జీ అనలేదు. "పొద్దున్నుంచి ఆడుతున్నాను. నాలుగు దాటాను. ఐదులో లిఫ్టు రావడం లేదు."

ఆవిడ ఎర్రపెన్నుకి మూత పెట్టింది.

"నేనెప్పుడూ రెండో అంతస్తు దాటి ఆడలేదు," అన్నాడు. "షాపుల్లో అంతవరకే చూపించేవాణ్ణి. లిఫ్టు ఎలా పిలవాలి?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

"కష్టపడి కనుక్కో," అని ఫోన్ పెట్టేసింది. తర్వాత రికార్డు పుస్తకాల కట్ట ముందుకి లాక్కుని, పై పుస్తకం తెరిచి దిద్దడం మొదలుపెట్టింది.